మా తాత కట్టుబాటు ఎవరిది?

మొన్న ఎండాకాలం మా ఊర్లో ఎల్లమ్మ గుడి కొత్తగా కట్టారు. సిమెంటు గోపురం, ఇనుప గేటు, గోడ మీద చందాలిచ్చిన వాళ్ల పేర్లు. గుడి పండుగకు ఒక సంచిక వేస్తున్నామని ఊరి పెద్దమనుషులు ఇద్దరు నేను పనిచేసే బడికి వచ్చి కలిసిండ్రు. "సార్, మీ తాత మీద నాలుగు పేజీలు రాసియ్యాలె. పాతకాలం మనిషి. కట్టుబాటు దాటనోడు. అసొంటోళ్లు ఇప్పుడు లేరు" అన్నారు.

"సార్" అన్నందుకు నాకు సంతోషం కాలేదు. మా తాత పేరు చివర 'అయ్య' తీసేసి 'గా' తగిలించి పిలిచింది ఈ ఇండ్లవాళ్లే. వాళ్ల పదేండ్ల పిల్లలు డెబ్బయేండ్ల ముసలాయనను "ఒరేయ్" అంటుంటే ఊరు నవ్వుకుంటూ చూసింది. చచ్చిపోయి ఇరవై ఏండ్లయినాక ఇప్పుడాయన "సంప్రదాయం తెలిసిన పెద్దమనిషి" అయ్యాడు. బతికినప్పుడు లేని మర్యాద చచ్చినాక ఎక్కడి నుంచి వచ్చింది? అది తేల్చకుండా నేను నాలుగు పేజీలు రాయలేను. తేల్చి రాస్తే వాళ్లు వేయలేరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా తాత కట్టుబాటు మనిషే. ఆ మాట అబద్ధం కాదు. స్నానం చేయకుండా డప్పు ముట్టేవాడు కాదు. డప్పును ఎవరైనా దాటితే ఊరుకునేవాడు కాదు. పండుగనాడు ఎల్లమ్మ ముందర మొదటి దెబ్బ మా ఇంటిదే కావాలని పట్టుబట్టేవాడు. చావుకు పిలుపొస్తే తింటున్న ముద్ద విడిచి లేచేవాడు. గొడ్డు చచ్చిందని కబురొస్తే రాత్రి అని, వాన అని చూసేవాడు కాదు. వాడ దాటంగనే చెప్పులు విప్పి చేత పట్టుకునేవాడు. ఊరందరికీ చెప్పులు కుట్టిన మనిషి ఊరి నడుమ చెప్పులేసుకొని నడవలేదు. పటేల్ ఎదురైతే తలగుడ్డ తీసి చంకలో పెట్టుకునేవాడు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. కాగితం మీద పటేల్ పోయిండు గాని మా తాత నోట్లోంచి "పటేలా, బాంచెన్" అన్న మాట పోలేదు.

వీటిలో ఏది ఆయన సొంతం? ఏది ఊరు ఆయన మీద మోపింది? డప్పుకు మొక్కడం, పటేల్‌కు మొక్కడం రెండూ ఒకటేనా? మీరు అన్నిటినీ ఒక్క మూట కట్టి "కట్టుబాటు" అంటున్నారు. ఆ మూట విప్పడమే ఈ నాలుగు పేజీల పని.

నాకు పదేండ్లప్పుడు, 2001లో, మా నాయన ఒక పాత సైకిల్ కొన్నాడు. నేను కైంచి తొక్కుకుంటూ పటేల్ ఇంటి ముందర నుంచి పోయిన. తాత చూసిండు. ఇంటికి రాంగనే చెంప మీద కొట్టిండు. "ఆ ఇల్లొస్తే దిగి నడిపియ్యాలె, తెల్వదా?" అన్నడు. నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి పక్కన పండుకున్నప్పుడు ఆయనే చెప్పిండు. ఆయన ఈడు పిల్లగాడు ఒకడు పటేల్ గుర్రానికి దారి ఇడువలేదని కచ్చీరు ముందర రాతికి కట్టేసి కొట్టిండ్రట. ఊరంతా వచ్చి చూడాలని చాటింపు వేయమన్నది కూడా తాతకే. తాత చాటిండు. "నేను కొడితే చెంప మండుతది. వాళ్లు కొడితే మనిషివే ఉండవు బిడ్డా" అన్నడు.

ఇదీ మీరు మెచ్చుకుంటున్న కట్టుబాటు. భయం నేర్పింది మీరు. దాన్ని మా ఇంట్లో పిల్లలకు నేర్పే పని కూడా మా తాత చేత చేయించారు. ఆయన చెయ్యి నా చెంప మీద పడ్డది గాని ఆ దెబ్బ పటేల్ ఇంటి నుంచే వచ్చింది.

మీ తాతల గురించి రాసుకోవడానికి మీకు శిలాఫలకాలున్నయి, భూముల కాగితాలున్నయి, గోడలకు పటాలున్నయి. మా తాత ఎప్పుడు పుట్టాడో ఎవరికీ తెలియదు. రజాకార్ల కాలంలో మీసాలు మొలుస్తున్నయని చెప్పేవాడు. అంటే 1948 నాటికి పదహారో పదిహేడో ఉండాలి. ఆయన తండ్రి పేరు తెలుసు. తాత పేరు తెలియదు. ఫోటో ఒక్కటే ఉంది, రేషన్ కార్డు కోసం తీసింది. మా చరిత్ర మా ముసలోళ్ల నోళ్లల్లో ఉంది. అడగకపోతే వాళ్లతోపాటే బొందలో పడుతుంది.

నేనూ అడగలేదు. ఈ తప్పు నా నెత్తి మీదనే వేసుకుంటున్నా. డిగ్రీ చదివేటప్పుడు మా హాస్టల్లో ఒక అన్న క్లాసు చెప్పేవాడు. "మన తాతలది బానిస మనస్తత్వం. వాళ్లను తెంచుకుంటేనే చైతన్యం" అన్నాడు. నేను చప్పట్లు కొట్టిన. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. కాలేజీ ఫారం మీద తండ్రి పని 'వ్యవసాయ కూలి' అని రాసిన. తాత పనికి గడి లేదు, బతికిపోయిన అనుకున్న. ఉద్యోగం వచ్చినాక నాలుగో తరగతికి వృత్తుల పాఠం చెప్తుంటే ఒక పిల్ల లేచి, "సార్, మీ తాత ఏం పని చేసెటోడు?" అని అడిగింది. "ఎవుసం" అన్నాను. బోర్డు మీద కుమ్మరి, కమ్మరి, వడ్ల, సాలె అని నా చేతితోనే రాసి ఉంది. ఆ వరుసలో మా తాతను నేనే రాయలేదు.

ఎందుకు సిగ్గుపడ్డాను? ఆ పని ఏమిటో చెప్తాను, సిగ్గుపడాల్సిందో కాదో చదివేవాళ్లు తేల్చండి.

చచ్చిన గొడ్డు తోలు ఒలిస్తే ఒక్క గాటు పడొద్దు. గాటు పడితే తొండానికి పనికిరాదు. ఆ తోలును సున్నపు నీళ్లలో నానబెట్టాలి. ఎన్ని దినాలన్నది ఎండను బట్టి, తోలు మందాన్ని బట్టి. గడియారం లేదు, తాత వేలితో గిచ్చి చెప్పేవాడు. వెంట్రుక గీకేసి, కడిగి, లందలో తంగేడు చెక్క నీళ్లకు వేయాలి. తర్వాత తోలును సంచి లెక్క కుట్టి, చెట్టుకు వేలాడగట్టి, లోపల తంగేడు చెక్క నీళ్లు నింపితే అవి తోలు పొరల్లోకి దిగుతయి. కంపుకొట్టే పచ్చితోలు అప్పటికి నీళ్లలో కుళ్లని వస్తువు అవుతుంది. ఆ తోలుతోనే మోటకు తొండం. ఆ తోలుతోనే ఎడ్లకు పలుపులు, కాడికి వార్లు, చర్నాకోల, మీ కాళ్లకు చెప్పులు. కరెంటు మోటార్లు రాకముందు మా పాలమూరు బావుల్లోంచి నీళ్లు పైకి వచ్చింది ఆ తొండంతోనే. తొండం కుట్టే చెయ్యి లేకపోతే మీ మడి తడవదు, మీ గింజ పండదు. 1948లో మద్రాసులో తోళ్ల పరిశోధనకు కేంద్ర సంస్థ పెట్టారు. అక్కడ చెక్క రసంతో తోలు ఊనిస్తే శాస్త్రం. మా లందలో ఊనిస్తే కంపు. పని ఒకటే. చేసినవాళ్ల కులం వేరు.

ఆ పనికి కళ్లం కాడ మేర కొలిచేవాళ్లు. అది భిక్షం కాదు, కూలి. అదీ సరిగా కొలవలేదు, తాలు కలిపి ఇచ్చేవాళ్లు. అయినా లెక్కంటూ ఒకటి ఉండేది. మోటార్లు వచ్చినయి, తొండం అక్కర లేకుండా పోయింది. రబ్బరు చెప్పులు, ప్లాస్టిక్ చెప్పులు వచ్చినయి, తాత చెప్పులు అడిగేవాడు లేడు. నైలాన్ తాళ్లు వచ్చినయి, పలుపులూ పోయినయి. పలుపులతోపాటు మేర పోయింది. మరి చావు డప్పు? అది పోలేదు. గొడ్డు ఈడ్చే పని? అదీ పోలేదు. పండుగకు నెత్తురు కడిగే పని, చాటింపు, బొంద తవ్వే పని ఏదీ పోలేదు. జాగ్రత్తగా చూడండి. విద్య ఉన్న పని, కూలి ఉన్న పని పోయింది. కూలి లేని పని మిగిలింది. ఆ మిగిలిన దానికి మీరు "సంప్రదాయం" అని పేరు పెట్టిండ్రు. వెట్టి చట్టం 1976లో వచ్చింది గనుక వెట్టి అనడానికి నోరు రాదు. సంప్రదాయం అంటే ఏ చట్టమూ పట్టుకోదు.

ఆ పని ఎవరికి అవసరమో తెలియాలంటే, చేసేవాడు ఒక్కరోజు మానేసి చూడాలి. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో, చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళితులను కట్టేసి ఊరేగించి కొట్టారు. గొడ్లను ఈడ్చడం మీ కర్మ, మీ ఆచారం అని తరతరాలు చెప్పినవాళ్లే ఆ ఆచారం చేస్తున్నందుకు కొట్టారు. అప్పుడు అక్కడి మనవాళ్లు చచ్చిన గొడ్లను తెచ్చి సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందర వేసి, మీ గొడ్లను మీరే తీసుకోండి అన్నారు. మా తాతకు ఆ రోజు రాలేదు. వచ్చి ఉంటే ఏం చేసేవాడో నేను చెప్పలేను.

ఇప్పుడు హాస్టల్ అన్నకు జవాబు. నువ్వు బానిస మనస్తత్వం అన్నావు. మా తాత లోపల ఏముందో నీకు, నాకు తెలియలేదు. ఏడాదికొకసారి దక్కలోళ్లు వచ్చి మా వాడ చివర దిగేవాళ్లు. బొమ్మల పటం విప్పి జాంబపురాణం చెప్పేవాళ్లు. భూమి పుట్టక ఆర్నెల్ల ముందు మా జాంబవుడు పుట్టిండని ఆ కథ. ఇంట్లో గింజల్లేకపోయినా తాత అప్పు తెచ్చి వాళ్లకు కొలిచేవాడు. పొద్దంతా "బాంచెన్" అన్న మనిషి ఆ రాత్రి కాలు మీద కాలేసుకొని కూసోని, "మనం అందరికన్న ముందటోళ్లం" అనేవాడు. బానిసకు ఇంత పొడుగు పుట్టుక ఎక్కడిది? చిందోళ్లనూ దక్కలోళ్లనూ, వాళ్ల పాటలనూ వాద్యాలనూ ఇన్ని తరాలు సాదింది మాదిగ వాడలే. 2022లో కిన్నెర దర్శనం మొగులయ్యకు, 2024లో చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. సర్కారుకు కనిపించకముందు ఈ కళలను నిలబెట్టిన గింజల్లో మా తాత అప్పు తెచ్చిన గింజలూ ఉన్నయి.

కానీ ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలె. ఆ దక్కలోళ్లను మా తాత గడప లోపలికి రానియ్యలేదు. గింజలు దూరం నుంచి పోసిండు. ఊరు మమ్మల్ని నిలబెట్టిన దూరాన్నే కొలిచి మేము వాళ్లను నిలబెట్టినం. అంబేద్కర్ చెప్పిన మెట్ల మెట్ల అసమానత మా వాకిట్లోనూ ఉంది. మనకన్న కింద ఒకడున్నాడన్న తృప్తి మా తాత కట్టుబాటులో భాగం. 1994లో మాదిగ దండోర మొదలైనప్పుడు మనవాళ్లు పేరు చివర దాచుకున్న మాదిగ పదాన్ని తలెత్తి పెట్టుకున్నారు. ఊరి హుకుం చాటిన డప్పు హక్కు చాటే డప్పు అయింది. అది మా బలం. అదే డప్పు దక్కలోడి వంతు కూడా చాటాలె. లేకపోతే మనం పటేల్ కుర్చీ మార్చినట్టే గాని తీసేసినట్టు కాదు.

ఇక అసలు బాకీకి వస్తున్నా. ఇది మా మేనత్తను అడిగి, ఆమె ఒప్పుకున్నాకనే రాస్తున్నా.

మా నాయన ఇంకా తల్లి చంకలో ఉన్నప్పుడు ఊర్లో అంటురోగం తగిలి పిల్లలు చచ్చిపోయిండ్రట. ఎల్లమ్మకు కోపమొచ్చిందన్నారు. కచ్చీరు కాడ కూసోని పెద్దలు తీర్మానం చేసిండ్రు. అమ్మ మాదిగ పిల్లను అడుగుతున్నదని. అమ్మ ఎన్నడూ పటేల్ బిడ్డను అడగలేదు, కరణం బిడ్డను అడగలేదు. అమ్మకు కూడా ఊర్లో ఎవరు ఎవరో బాగా తెలుసు. మా మేనత్తకు అప్పటికి తొమ్మిదేండ్లు. కొత్త చీర చుట్టి, పోతరాజుతో పెండ్లి అని చెప్పి జోగినిని చేసిండ్రు. ఆ పెండ్లికి డప్పు కొట్టింది మా తాత. తన బిడ్డకు తానే కొట్టిండు. ఊరి ముందర మొదటి దెబ్బ మా ఇంటిదే గదా.

ఆ తర్వాత మా అత్త బతుకు ఆమె చేతిలో లేదు. పండుగ పండుగకు ఎగరాలె, పెద్దిండ్ల శవాల ముందర ఎగరాలె. ఎవరి గడపలోనూ భార్య కాదు. ఆమె కొడుకును బడిలో వేసేటప్పుడు తండ్రి పేరు ఏమని రాయాలో తెలియక మా తాత పేరు రాసిండ్రు. నేను ఇప్పుడు ప్రతి జూన్‌లో అడ్మిషన్ రిజిస్టర్ రాస్తున్నా. ఆ గడి కాడికి వచ్చినప్పుడల్లా నా పెన్ను ఆగుతది. ఊర్లో ఆ పేరు తెలియనివాడు లేడు. పలికేవాడు లేడు.

దీన్ని ఆపమని అడిగినవాళ్లు లేకనా? హైదరాబాదులో 1911లో మన్య సంఘం పెట్టిన భాగ్యరెడ్డి వర్మ ఈ జోగిని ఆచారం మీద అప్పుడే కొట్లాడిండు. చట్టం 1988లో వచ్చింది. మా అత్తకు అప్పటికి ముప్పై దాటినయి. చట్టం వచ్చిన మూడు నాలుగేండ్లకు మా ఊర్లోనే మళ్లీ ఒక పిల్లను గుట్టుగా విడుస్తామని తాతను డప్పుకు పిలిచిండ్రు. తాత పోలేదు. "చెయ్యి లేస్తలేదు" అన్నడట. తర్వాతి వారం ఒక పెండ్లికి పోయి రాత్రంతా కొట్టిండు. అప్పుడు చెయ్యి బాగానే లేచింది. ఊరు మాత్రం పక్క ఊరి నుంచి డప్పులు తెచ్చుకున్నది. ఆ పిల్ల బతుకు ఆగలేదు. తాత ఎదురు తిరగలేదు, మాట అనలేదు, చెయ్యి నొప్పి అని అబద్ధమాడి ఇంట్లో కూసున్నడు. అంతే. దీన్ని పోరాటమని నేను పెంచి చెప్పను. లేదని కూడా అనను.

గుడి సంచిక ముచ్చట చెప్పి మా అత్తను అడిగిన. "తాత గురించి ఏమని రాయాలె అత్తా? నిన్ను విడిచింది ఆయనే గదా" అన్న. ఆమె చాటలో రాళ్లు ఏరుతున్నది, ఏరుతనే చెప్పింది. "మా అయ్య మంచోడని రాయకు, చెడ్డోడని రాయకు. ఆయన కొట్టిండు, నిజమే. కొట్టుమన్నది ఎవరో గది రాయి. గది రాయకుంట ఏం రాసినా నువ్వు గూడ వాళ్ల దిక్కే."

డిగ్రీ చేసిన నాకు, క్లాసు చెప్పిన అన్నకు తెలియని లెక్క బడి మెట్లెక్కని మా అత్తకు తెలుసు. పూర్వీకులను తలుచుకోవడమంటే పటానికి దండ వేయడం కాదు, తిట్టి తెంచుకోవడమూ కాదు. ఎవరు చేయించారు, ఎవరు చేశారు, ఎవరికి లాభమైంది, ఎవరి బతుకు పోయింది అని లెక్క రాయడం. మా తాత ఖాతాలో తప్పు ఉంది. నా చెంప, దక్కలోళ్ల గడప, మా అత్త బతుకు. అవి కొట్టివేయను. కానీ ఆ లెక్కలో పెద్ద బాకీదారు పేరు సంచికల్లో ధర్మకర్తగా అచ్చవుతుంటే నేను మా తాత ఒక్కడి తప్పులే చదువుతూ కూసోను.

చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్కటే చెప్తాను. సెలవులకు ఇంటికి పోతే ముసలోళ్ల పక్కన కూసోని అడగండి. ఏ పనులు చేసిండ్రు, వాటిలో వేటికి కూలి ఇచ్చిండ్రు, వేటికి ఇవ్వలేదు, వద్దంటే ఏమైంది, ఆడవాళ్లకు ఏం జరిగింది. అచ్చం వాళ్ల మాటలోనే రాసుకోండి. సిగ్గనిపించిన చోట ఆగొద్దు, అక్కడనే ఎక్కువ రాయండి. నేను నా తరగతిలో మొన్ననే బోర్డు మీద కుమ్మరి, కమ్మరి పక్కన తోలుపని రాసిన. తంగేడు చెక్క తెచ్చి నీళ్లలో వేసి రంగు దిగుడు పిల్లలకు చూపించిన. నాలుగేండ్ల కింద ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెప్పిన. ఆ పిల్ల ఆ తరగతిలో లేదు, వేరే ఊరికి పోయింది.

ఊరి పెద్దమనుషులకు చివరి మాట. మా తాత డప్పును గుడి ముఖమంటపంలో పెడతామని కూడా అడిగిండ్రు. ఇవ్వం. అది మా ఇంట్లోనే ఉంటది. ఏప్రిల్ 14న మా వాడలో మోగుతది. మీ పండుగకు కావాలంటే మనిషికింత అని కూలి మాట్లాడుకొని రండి, చెప్పులేసుకొనే వచ్చి కొడతం. శవం ముందర మా ఆడబిడ్డ ఎగరదు. మా తాత పేరు మీ సంచికలో అచ్చు వేయాలంటే పేరు చివర 'అయ్య'తో వేయండి. దాని కింద ఆయనకు కొలవని మేర లెక్క వేయండి. మా అత్తను జోగినిని చేయాలని తీర్మానం చేసిన రోజు కచ్చీరులో కూసున్నవాళ్ల పేర్లు కూడా వేయండి. మీ గోడ మీద చందాదారుల పేర్ల పక్కన ఇంకా జాగా ఉంది, నేను చూసిన.